ఆయుధపూజ మర్నాడు

మా ఇంట్లో మాటకంటే ముందు చెయ్యి లేచేది. నాన్న దెబ్బలు తిని పెరిగిన ఇద్దరిలో అన్నకు ఆ జబ్బు అంటలేదు. నాకు అంటింది.

రెండువేల తర్వాతి తొలి సంవత్సరాలవి. పుంగనూరులో మాకు ముందుగది, వెనకగది ఉన్న ఒక అంగడి ఉండేది. ముందు అన్న బోరు మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. వెనక నేను ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. అన్ని కంప్యూటర్లకూ నెట్ ఇచ్చేది మూలనున్న ఒక్క లినక్స్ మిషనే. ఆయుధపూజనాడు ఎటూ సెలవే కదా అని పొద్దున్నే దాన్ని కొత్త వెర్షన్‌కు మార్చి, ఆపేసి వెళ్లాను. సాయంత్రం అన్న తన స్పానర్లతో పాటు నా మిషన్లనూ తడిగుడ్డతో తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, వాకిట్లో గుమ్మడికాయ పగలగొట్టాడు.

మర్నాడు నెట్ రాలేదు. నెట్‌వర్క్ కార్డు ఒకటి ఉందన్న సంగతే మిషన్‌కు తెలియడం లేదు. వచ్చినవాళ్లు గొణుగుతున్నారు. కార్డు ఊడదీసి చూస్తే అంచు రేకు మీద పసుపు మరక. నాకు ఒళ్లు మండిపోయింది.

“నీళ్లు పోసి కడిగితివా? ఇది నీ బోరు మోటారనుకుంటివా?”

“తడిగుడ్డతో తుడిసినాను, అంతే గదరా.”

కీబోర్డు ఎత్తి అన్న మొహం మీద కొట్టాను. మీటలు ఊడి గదంతా చెల్లాచెదురయ్యాయి. పెదవి చిట్లి నెత్తురు కారింది. అదే చేత్తో ఇంకొకటి వేసి, మెడ పట్టుకుని గోడకు అదిమాను. అన్న చేతిలో పెద్ద స్పానర్ ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. మోటారు తెచ్చిన చౌడేపల్లె రైతు నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

“ఇడ్సప్పా! సంపేస్తావా యేమి?”

అన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, “సెడగొట్టింది నేనే గదా, నేనే తెస్తాలే,” అని కొత్త కార్డు కోసం మదనపల్లె బస్సెక్కాడు.

అతను పోయాక పాత కార్డునే మళ్లీ బిగించి తీగ పెట్టాను. వెనక పచ్చలైటు వెలిగింది. కార్డు బతికే ఉంది. అప్పుడు గానీ కూర్చుని తెరమీద ఏం రాసుందో చదవలేదు. కార్డును గుర్తుపట్టడానికి పాత లినక్స్‌కు నేనే ఎక్కించుకున్న డ్రైవర్ ప్రోగ్రాం కొత్తదానికి పనికిరాదు, మళ్లీ తయారు చేసుకోవాలి. కార్డుతో వచ్చిన సీడీ వెతికి ఆ పని చేశాను. పావుగంటలో నెట్ వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. తీగ పీకేసి ఏమీ ఎరగనట్టు కూర్చుని, తను తెచ్చిన కొత్త కార్డు బిగిస్తే అన్నకు జన్మలో తెలియదు. చెయ్యి తీగ దాకా పోయింది కూడా.

మధ్యాహ్నం అన్న వచ్చాడు. పెదవి వాచి మాట ముద్దగా వస్తోంది. డబ్బా నా చేతికివ్వబోయి, కంప్యూటర్లలో నెట్ నడుస్తుండడం చూసి ఆగిపోయాడు.

“నీ తప్పేం లేదన్నా. కొత్త లినక్స్ ఎక్కించి నేనే సెడగొట్టుకున్నా.”

అన్న నా మొహంలోకి చూశాడు.

“కార్డు పొయ్యిందని నీ మాదిరే నేను గూడా బాద పడితిని గదా. మరి నన్ను యాల కొడితివిరా?”

కోపమొచ్చి కొట్టానని చెబుదామనుకున్నాను. చొక్కా పట్టి లాగినందుకు కోపం ఆ రైతు మీదా వచ్చింది, అతన్ని కొట్టలేదు.

“నువ్వు తిరిగి కొట్టవని తెలుసన్నా,” అన్నాను.