మామ మగ్గం ఆపిన వేళ

మొన్న మా మనవరాలు సంతలో మూడు కోడిపెట్టల్ని కొనుక్కొచ్చి, పెరట్లో కొత్త చెక్కగూడు పెట్టించింది. మునిమాపు వేళ అవి గూట్లోకి పోకుండా ప్రహరీగోడ మీద బారుగా కూర్చుంటే, చేట పట్టుకుని అదిలిస్తూ అటూ ఇటూ పరుగెత్తింది. నేను మంచం మీద నుంచి చూసి నవ్వాను గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. పదహారేళ్ళ వయసులో నేనూ ఇలాగే ఏడుపుముఖంతో కోళ్ళ వెంట తిరిగాను.

తెల్లదొరలు ఇంకా వెళ్ళని రోజులవి. గండికోట దగ్గరి మా ఊరి నుంచి జమ్మలమడుగు వైపు ఒక నేతగాళ్ళ ఇంటికి కోడలిగా వచ్చాను. మేమూ నేతవాళ్ళమే గానీ, నాన్న పోయాక మా ఇంట్లో మగ్గం మూలబడింది. నాకిచ్చి పంపడానికి అమ్మ దగ్గర ఉన్నవి ఆమె పెంచుకున్న నాలుగు పెట్టలే. వాటిని గంపలో పెట్టి, పైన పాతచీర కప్పి, బండిలో నా పక్కన ఉంచింది. నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, కొత్తకోడలికి పుట్టింటి నుంచి వచ్చిన కోడి కూడా చుట్టమే.

పెట్టలు వస్తున్నాయని తెలిసి మామ తానే నాపబండలు నిలబెట్టి, మగ్గం గది గోడకు ఆనించి గూడు కట్టాడు. ముచ్చటైన గూడే, కానీ నా పెట్టలు అందులో కాలు పెడితే ఒట్టు! గుమ్మం దాకా వచ్చేవి, మెడలు చాచి చూసేవి, ఎగిరి వేపచెట్టెక్కేవి. పక్కింటి ముసలమ్మ చెప్పిందని మూడు రోజులు గంప కింద మూసిపెట్టాను, ఒక్కొక్కదాన్ని పట్టుకుని రోలు చుట్టూ మూడుసార్లు తిప్పాను, గూట్లో కొర్రలు చల్లాను. కొర్రలు తిని మళ్ళీ చెట్టెక్కాయి. ఒకరోజు తెల్లవారి చూస్తే చెట్టు కింద నల్లపెట్ట ఈకలే ఉన్నాయి, అడవిపిల్లి పని. పేడతట్ట పక్కన పెట్టి అక్కడే కూర్చుని ఏడ్చాను.

"ఇంగోదాన్ని పిల్లికిచ్చేదానికంటే అమ్మోరి జాతరకు కోసుకుంటే పోలా? ఎనిమిది దినాలుండాది" అంది అత్త. ఆమె చెడ్డది కాదు, ఉన్నమాటే అంది. నాకు మాత్రం అమ్మ మీదే కత్తి పెడుతున్నట్టనిపించింది.

ఈలోపు అమావాస్య వచ్చింది. అమావాస్యనాడు నేతగాడు మగ్గం ముట్టడు కదా, ఆరోజు ఇల్లంతా నిశ్శబ్దం. పొద్దు వాలగానే నా మూడు పెట్టలూ, ఎవరూ తోలకుండానే, తలలు వంచుకుని గూట్లో దూరాయి! అప్పుడు వెలిగింది నాకు. గోడకు అవతల, నేలలో గుంట తవ్వి దించిన గుంటమగ్గం ఒక్కొక్క దెబ్బకూ ఇవతలి బండలు అదురుతుంటే, మగ్గం చప్పుడెరుగని ఇంట్లో పెరిగిన కోళ్ళు ఎలా పండుకుంటాయి?

ఆ మాట అత్తతో చెబితే పకపకా నవ్వింది. "కోళ్ళ కోసరం మగ్గం నిలపల్లా? శానా బాగుండాది నీ తెలివి!" మామతో నేరుగా చెప్పే వీలు లేదు, ఆయన ఎదుట పడటమే తప్పు, మాట కూడానా? ఇక జాతరే దిక్కని ఆశ వదులుకున్నాను.

మర్నాడు పొద్దు గూకుతుండగా, నేత నడుమ మగ్గం ఠక్కున ఆగింది. ఎప్పుడు విన్నాడో ఏమో! పెట్టలు ఒకదాని వెనుక ఒకటి గూట్లోకి పోయాయి. గోడ అవతలి నుంచి గొంతు వినిపించింది. "ఏమ్మా, పోయినాయా లోపలికి?"

నేను కాపురానికి వచ్చిన ఇరవై రోజుల్లో మామ నాతో అన్న మొదటి మాట అది. పద్ధతి మరిచి, "పోయినాయి మామా" అన్నాను. గూటి తలుపుబండ మూశాక మగ్గం మళ్ళీ మొదలైంది. జాతరకు అత్త సంతలో పుంజును తెప్పించింది.

ఆ గూట్లోనే పొదిగిన పిల్లలు మగ్గం చప్పుడులోనే హాయిగా నిద్రపోయేవి. వాటికోసం మగ్గం ఆపనక్కర్లేదు, ఆ సంగతి మామకూ తెలుసు. అయినా మగ్గం గుంటలోకి దిగే ఓపిక ఉన్నన్నాళ్ళూ రోజూ ఆ వేళకు ఆపి, ఆ ఒక్కమాటా అడిగేవాడు.

ఇప్పుడు మా వీధిలో ఒక్క మగ్గమూ లేదు. మనవరాలి గూడు పక్కనే నీళ్ళ మోటారు గుర్రుమంటోంది. దాన్ని ఆపమన్నాను. కాసేపటికి పెట్టలు గోడ దిగాయి. మీట నొక్కితే ఆగిపోయే మోటారు ఆ ఒక్కమాటా అడగదు కదా. అందుకని మంచం మీద నుంచి నేనే అడిగాను, ఏమ్మా, పోయినాయా లోపలికి అని.