ఆరువందల నలభై కిలోమీటర్లు, ఒకే ఒక్క సీటు

ఆఫీసులో ఆమెని అందరూ గడియారం అనేవాళ్లు. విమాన టికెట్లమ్మే కంపెనీలో, చెవికి ఫోను తగిలించుకుని ఇరవై రెండేళ్లుగా ఒకటే కుర్చీ. ఏ రెండు ఊళ్లు చెప్పినా దూరమెంతో, గాల్లో ఎంతసేపో గడగడా అప్పజెప్పేసేది. తమాషా ఏంటంటే, తను మాత్రం ఒక్కసారైనా విమానం ఎక్కిన పాపాన పోలేదు.

అక్క ఉండే ఊరి లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. ఆరువందల నలభై కిలోమీటర్లు. విమానంలో గంటా పది నిమిషాలు, బస్సులో పదకొండు గంటలు. ఎప్పుడు వెళ్లినా బస్సే.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి అక్కకి గుండె ఆపరేషన్. ఇవాళ దాటితే కష్టమన్నారు డాక్టర్లు. అమ్మ పోయాక గడియారాన్ని పెంచింది ఆ అక్కే. "నీ మొహం చూడందే నేను లోపలికి వెళ్లనే" అని భీష్మించుకుని కూర్చుంది. ఉన్న డబ్బంతా ఆస్పత్రికే పంపేసింది కాబట్టి, గడియారం ఉద్యోగుల పాస్ రాయించుకుంది. పాసంటే ఏముంది, డబ్బు కట్టినవాళ్లంతా ఎక్కాక సీటు మిగిలితే ఎక్కాలి. పదకొండున్నర విమానంలో పొద్దున్నకి ఒక్కటంటే ఒక్కటి మిగిలింది. సెలవేమో తొమ్మిదిన్నర నుంచి ఇచ్చారు మహానుభావులు.

తొమ్మిదింటికి ఎవరో పెద్దాయన ఫోన్ చేసి, వెళ్లాల్సిన ఊరి పేరు చెప్పాడు. "ఎంతసేపు ప్రయాణం తల్లీ? నేను ఇవాళే వెళ్లాలి."

రెండ్రోజులుగా కంటి మీద కునుకు లేదు, నడుం పీకేస్తోంది. నోరు దానంతటదే మొదలుపెట్టింది. "గంటా పది నిమిషాలండీ. ఒక్క సీటే ఉంది, ఇప్పుడే తీసేసుకోండి." రోజుకి నలభైసార్లు అనే మాటే. వేళ్లు కూడా వాటి పని అవి చేసుకుపోయాయి. టికెట్ వెళ్లిపోయాక గానీ చూసుకోలేదు, అది తన విమానమే అని.

అయ్యో రామా, ఇంత తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా? ఇరవై రెండేళ్లు ఒకే పాట పాడిస్తే ఎవరైనా చేస్తారు!

డబ్బు పడ్డ టికెట్ రద్దు చెయ్యడం ఆమె చేతిలో లేదు. ఆయన రాకపోతే బావుణ్ణని పాపిష్టి కోరిక కోరుకుంటూ ఎయిర్‌పోర్టుకి పోయి కూర్చుంది. ఆయన వచ్చాడు. "ఆలస్యమైందా తల్లీ?" అని కౌంటర్లో అడుగుతుంటే గొంతు గుర్తుపట్టింది. చేతిలో మందుల సంచి. తిట్టుకుందామన్నా నోరు రాలేదు.

"ఫుల్ అయిపోయింది మేడం. మళ్లీ రేపే" అంది కౌంటర్ అమ్మాయి.

ఈసురోమంటూ బస్టాండు చేరేసరికి ఒంటిగంటన్నర. అక్కకి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావే? ఇంకెంతసేపు?"

"విమానం లేటు అక్కా. ఇప్పుడే ఎక్కుతున్నా, గంటా పదే. నువ్వు భయపడకుండా లోపలికి వెళ్లు." ఇన్నేళ్లలో తప్పు టైము చెప్పడం అదే మొదలు.

"గంటా పదేనా? అయితే ఇంకేం, ఆగుతా. నువ్వు కనపడితేనే కదులుతానని వీళ్లకి చెప్పేస్తా."

గడియారం బ్యాగు మీదే కూలబడింది.

"అబద్ధం చెప్పానక్కా. ఆ సీటు నేనే ఎవరికో అమ్మేశా. బస్సెక్కుతున్నా, పదకొండు గంటలు. నాకోసం ఆగకే, నీకు దణ్ణం పెడతా."

అవతలి నుంచి ముక్కు ఎగపీల్చిన చప్పుడు.

"కిటికీ పక్క సీటు తీసుకో. నీకసలే బస్సు పడదు" అంది అక్క.

ఫోను పెట్టెయ్యడం మర్చిపోయినట్టుంది. నర్సుతో అంటున్న మాట వినపడింది.

"పదండమ్మా వెళ్దాం. మా చెల్లి రావట్లేదు."