పిన్నీసుల పెట్టె మీది నలుగురమ్మాయిలు

"అది నా పిన్నీసుల పెట్టె. ఇలా తే."

"పిన్నీసుల పెట్టె కాదు నానమ్మా, అమ్మ వాళ్ళ ఆల్బమ్! ఇందులో ఉండాల్సిన సీడీ ఏది?"

"సీడీలన్నీ బాల్కనీలో కట్టాను. పావురాలకి."

"పావురాలకా? ఎవర్నడిగి కట్టావ్?"

"ఎవర్నడగాలే? అటక మీద దుమ్ము కొట్టుకుని పడున్నవి. ఇన్నేళ్ళలో ఒక్కరైనా వాటి మొహం చూశారా? కట్టాక ఒక్క పావురం వాలిందేమో చెప్పు."

"నీకు పావురాల ఫికర్ తప్ప ఇంకోటి లేదా? అమ్మ సాయంత్రం వచ్చి వింటానంది. ఏం చెప్తావ్ అమ్మకి?"

 దానికి నేను ఇంకా గట్టిగా అరిచాను.

మాది మియాపూర్‌లో ఐదో అంతస్తు. పావురాల బాధ పడని వాళ్ళకి ఆ సంగతి చెప్పినా అర్థం కాదు. ఉతికి ఆరేసిన దుప్పటి మీద, వాషింగ్ మెషీన్ మీద, చివరికి తులసి కుండీలో కూడా వాటి రెట్టలే. వల కట్టిస్తానని మా అబ్బాయి అన్నాడు. నేనే వద్దన్నాను. ఇంట్లో పనికిరాని సీడీలుండగా వలెందుకు? మా ఎదురు ఫ్లాటు ఆవిడ కట్టింది, పైవాళ్ళూ కట్టారు. పురికొసకి దండలా గుచ్చి గ్రిల్లుకి వేలాడదీస్తే ఎండకి తళుక్కుమంటాయి, పావురం బెదిరిపోతుంది. పోయిన వేసవిలో అటక మీది పెట్టెలన్నీ దించి, ఉన్నవన్నీ గుచ్చేశాను. వాటి ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం పారేయలేదు. ఒకదాన్లో బొట్టుబిళ్ళలు, ఒకదాన్లో రబ్బరు బ్యాండ్లు, ఒకదాన్లో పిన్నీసులు.

ఆ పిన్నీసుల పెట్టె మూత మీద ఒక ఫొటో ఉంది. నీళ్ళ ట్యాంకు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న నలుగురమ్మాయిలు. ఒకత్తె జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది. నవ్వేవాళ్ళు ఒక్కరూ లేరు. రోజూ పొద్దున్నే పమిటకి పిన్నీసు తీసుకుంటూ ఆ ఫొటో చూసేదాన్ని. ఎవరో ఇంగ్లీషు పాటల వాళ్ళనుకున్నాను. మగపిల్లాడి జుట్టుతో ఉన్నది మా కోడలని నాకు ఒక్కనాడూ తట్టలేదు.

అది కనిపెట్టింది నా మనవరాలు. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. పరీక్షలకని సెలవులిస్తే పుస్తకం ముందు పెట్టుకుని ఫోను చూస్తూ కూర్చుంది. ఎవరో తెలియని మనిషి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఈ అట్ట దొరికిందని ఫొటో పెట్టాడట. లోపల సీడీ లేదు, ఆడపిల్లలే నలుగురూ కలిసి తెలుగులో చేసిన ఆల్బమ్‌లా ఉంది, ఎవరైనా విన్నారా అని అడిగాడట. ఎంతోమంది జవాబులు రాశారు గానీ విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మనవరాలికి మాత్రం ఆ అట్ట ఎక్కడో చూసినట్టనిపించింది. చూసింది నా చేతిలోనే.

వెంటనే వాళ్ళమ్మకి ఫోను చేసింది. మా కోడలు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పని చేస్తుంది. ఫోను స్పీకరులో పెట్టింది కాబట్టి ఆ మాటలన్నీ నేనూ విన్నాను.

"అమ్మా, నువ్వు బ్యాండ్‌లో ఉండేదానివా? ఏంది ఇది, నాకెప్పుడూ చెప్పలే!"

 కోడలు నెమ్మదిగా చెప్పింది. "హాస్టల్లో ఉన్నప్పుడు. నేను డ్రమ్స్. ఒక్క ఆల్బమే చేశాం, సీడీలు మేమే కాపీ కొట్టాం, ఎవరూ కొనలేదు. మిగతా ముగ్గురి దగ్గరా ఇప్పుడు లేదు, నాదొక్కటే మిగిలింది. డబ్బా నానమ్మ పిన్నీసులకి పెట్టుకుంది, నేను చూశాను. సీడీ ఆవిడ జాగ్రత్త చేసే ఉంటుంది. ఆవిడ చేతిలో పడ్డది ఏదీ పోదు. సాయంత్రం త్వరగా వస్తాను, ముగ్గురం కలిసి విందాం."

ఆవిడ చేతిలో పడ్డది ఏదీ పోదు. ఆ మాట అటు వింటూనే ఇటు బాల్కనీ వైపు చూశాను. దండ గాలికి ఊగుతోంది.

మా పోట్లాట మొదలైంది అప్పుడే.

కత్తెర తెచ్చి దండ కోశాను. ముడి విప్పకుండా పురికొస కోయడం నాకు అలవాటు లేదు, కానీ ఎండకి బిగుసుకుపోయిన ముడి ఎంతకీ రాలేదు. సీడీలన్నీ మంచం మీద పరిచాం. పైన అచ్చు ఉన్నవి తీసి పక్కన పెట్టింది మనవరాలు. మిగిలినవన్నీ ఒక్కలాగే ఉన్నాయి. స్కెచ్ పెన్నుతో రాసిన పేర్లు ఎండకి వెలిసిపోయాయి. కొన్నిటికి గ్రిల్లు ఒరుసుకుని గీతలు పడ్డాయి.

మనవరాలు ఫోనులో ఏదో చదివి నా వైపు చూసింది.

"కంపెనీ సీడీలైతే ఏం కాదంట. ఇట్ల ఇంట్లో కాపీ కొట్టుకున్నవి ఎండలో పెడితే చెరిగిపోతయంట నానమ్మా."

"చెరిగిపోవడమేంటే? పలక మీద రాసినట్టా?"

"అంతే అనుకో."

నేను నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని. పలక సంగతి నాకు బాగా తెలుసు. ఒక్కొక్క సీడీనీ పాత చీర ముక్కతో తుడిచాను.

విందామంటే వినే సాధనం ఇంట్లో లేదు. ఇప్పటి ల్యాప్‌టాపులకి సీడీ పెట్టే చోటే ఉండదట. టీవీ కింద ఉండే పాత ప్లేయరు ఎప్పుడో పాడైపోయింది. ఎదురు ఫ్లాటు ఆవిడ్ని అడిగితే "సీడీ ప్లేయరా, ఆంటీ?" అని నవ్వింది. మా అబ్బాయి ఊళ్ళో లేడు, కంపెనీ పని మీద వెళ్ళాడు. అప్పటికే నాలుగు దాటింది. కోడలు మెట్రో దిగి షేర్ ఆటోలో వచ్చేస్తుంది.

అప్పుడు గుర్తొచ్చింది మా ఆయన కారు. ఆయన పోయాక దాన్ని ఇచ్చేసి కొత్తది కొందామని మా అబ్బాయి ఎన్నిసార్లు పోరుపెట్టాడో. నడిచే బండిని ఎందుకమ్మాలి అని నేను కదలనివ్వలేదు. సెల్లార్‌లో మూల గుడ్డ కప్పుకుని ఉంటుంది. మా అబ్బాయి ఆదివారాలు తీసి ఒక చుట్టు తిప్పుతాడు. అందులో పాటల పెట్టె ఉంది, సీడీ దూర్చే సందు ఉంది.

సీడీలు దిండు గలీబులో వేసుకుని కిందికి దిగాం.

మనవరాలు తాళం సగం తిప్పింది. పెట్టెలో దీపం వెలిగింది. మొదటి సీడీ పెడితే లోపల గుయ్యిమని తిరిగి బయటికి తోసేసింది. రెండోదీ అంతే. మూడోది పెట్టగానే ఒక మగగొంతు ఇంగ్లీషులో "నేను చెప్పినట్టు చెప్పండి" అని మొదలుపెట్టింది. మనవరాలి చిన్నప్పుడు మా అబ్బాయి కాపీ కొట్టుకొచ్చిన ఇంగ్లీషు పాఠాలు. ఇంకొకటి పెడితే భజన సెల్లారంతా మోగింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా, గీడ పూజ పెట్టిన్రా?"

"పూజా లేదు ఏం లేదు. పాత సీడీలు చూస్తున్నాం."

"గిట్లనే పెట్టుకుంటె బ్యాటరీ దిగుతది. మల్ల బండి నేనే నూకాలె."

"తోద్దువుగానిలే, వెళ్ళు."

అతన్ని పంపించేశాను గానీ భయం పట్టుకుంది. గలీబులో ఇంక కొన్నే ఉన్నాయి. ఒక్కొక్కటే లోపలికి పోతోంది, బయటికి వస్తోంది.  దీపం కొంచెం మసకబారినట్టు కూడా అనిపించింది.

"నానమ్మా, ఒకవేళ దొరకకపోతే, అటక మీదనే పాడైందని చెప్దాం. నీ పేరు రాదు."

"నోర్ముయ్. నేను కట్టాను, నేను చెప్తాను."

తర్వాత పెట్టిన సీడీ బయటికి రాలేదు. లోపల తిరుగుతూనే ఉంది. ఇక ఇరుక్కుపోయిందనుకున్నాను. అంతలో దబదబమని చప్పుడు మొదలైంది.

నాకు ముందు పాటలా అనిపించలేదు. బాలానగర్‌లో మా ఆయన పని చేసిన ఫ్యాక్టరీలో రేకుల్ని వంచే ప్రెస్ మిషన్లుండేవి. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో కేరేజీ పట్టుకెళ్ళి గేటు దగ్గర నిలబడితే ఆ దెబ్బలు అరికాళ్ళలోకి వచ్చేవి. ఇదీ అలాగే వచ్చింది, కారు సీటులోంచి. దాని మీద ఏవో తీగలు గరగరలాడాయి. అప్పుడొక ఆడపిల్ల గొంతు ఎత్తుకుంది:

"గేటుకి తాళం పడింది, చెప్పులు చేతబట్టుకో,
గోడకి గాజుపెంకులున్నాయి, చున్నీ చేతికి చుట్టుకో."

"హాస్టల్ గోడ దూకడం మీద పాటా ఇది!" అన్నాను.

"ష్! డ్రమ్స్ విను. అమ్మే! ఆల్టర్నేటివ్ రాక్ నానమ్మా ఇది, తెలుగులో, ఆ రోజుల్లో, అందరూ అమ్మాయిలే! ఎవ్వరికీ తెల్వదు!" మనవరాలికి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అది తుడుచుకోలేదు.

ఆ మాటేంటో నాకు తెలియదు. అరుపులని మాత్రం నాకు అనిపించింది. రోజూ పొద్దున్నే చప్పుడు కాకుండా గిన్నెలు సర్దుకునే మా కోడలేనా ఇంత గట్టిగా కొట్టింది అని వింటున్నాను. మొదటి పాట అయింది. రెండోది మొదలై, సగంలో ఒకే ముక్క పట్టుకుని కొట్టుకోసాగింది. టక టక టక టక. మనవరాలు ముందుకి జరిపితే మూడోది అసలు పలకలేదు. నాలుగోది పలికింది.

దానిలో మునిగి మేం చూసుకోలేదు. కారు అద్దం అవతల కోడలు నిలబడి ఉంది. భుజాన ల్యాప్‌టాపు సంచి అలాగే ఉంది. నా ఒళ్ళో గలీబు, దాని మీద పురికొస ముక్కలు, సీడీలు. చూస్తే తెలిసిపోతుంది. అయినా తలుపు తీసుకుని దిగాను.

"అమ్మాయ్, నీ సీడీ నేను బాల్కనీలో కట్టాను. పావురాలకి. నీదని తెలియదు, తెలుసుకోనూ లేదు. కొంత పాడైంది."

"ఎన్నాళ్ళుందండీ ఎండలో?"

"పోయిన వేసవి నుంచి."

ఆమె మొహం ఎర్రబడింది. మా ఇంటికొచ్చాక నాతో ఎదురు మాట్లాడిన మనిషి కాదు.

"అత్తయ్యగారూ, మీ అమ్మగారిచ్చిన ఇత్తడి బిందెలో నేను బాల్కనీలో పావురాలకి నీళ్ళు పెట్టాననుకోండి. మీరు ఊరుకుంటారా?"

"ఊరుకోను."

"మరి?"

"నువ్వూ ఊరుకోకు."

మనవరాలు కారులోంచి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. పాట నడుస్తూనే ఉంది. కోడలు ఇంకేదో అనబోయింది. లోపల దరువు మారింది కాబోలు, అటు తల తిప్పింది. సంచి నా చేతికిచ్చి, మనవరాలిని పక్కకి జరగమని, స్టీరింగు ముందు కూర్చుంది. నేను వెనక సీటులోకి ఎక్కాను.

"రెండోది ఎంతవరకు వచ్చింది?" అంది.

"సగమే వస్తుందమ్మా. తర్వాత ఇరుక్కుంటుంది."

"పెట్టు."

పెట్టింది. వచ్చి వచ్చి అక్కడే ఇరుక్కుంది. టక టక టక టక. కోడలు చేత్తో పెట్టె నొక్కేసి శబ్దం ఆపింది. ఆపి, స్టీరింగు మీద రెండు చేతులతో మిగతాది కొట్టడం మొదలుపెట్టింది.  మధ్యలో ఒకచోట చేయి ఆగింది.

"ఇక్కడ తప్పు కొట్టాను అప్పుడు," అంది. "మళ్ళీ చేద్దామంటే ఆ రికార్డింగ్ గది టైమయిపోయింది, వేరేవాళ్ళు బయట కూర్చున్నారు. అలాగే ఉండిపోయింది. ఆ తప్పు ఒక్కసారి వినాలనుకున్నాను."

ఆ తప్పు పోయింది. ఎండకి పోయింది.  సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కోడలు మళ్ళీ నాలుగో పాట పెట్టించింది, తర్వాత మొదటిది. పెట్టెలో దీపం నిజంగానే మసకబారాక మనవరాలు తాళం తీసేసింది. పైకొచ్చి, పొద్దుటి పప్పే వెచ్చబెట్టుకుని తిన్నాం. కోడలు నాతో మాట్లాడలేదు. చారు మాత్రం అడగకుండా వడ్డించింది.

మర్నాడు పొద్దున్న పిన్నీసులు అగ్గిపెట్టెలో పోసుకుని, ఆ డబ్బా తుడిచి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. కోడలు దాన్లో సీడీ సర్దుకుని సంచిలో వేసుకుంది. మెట్రోకి వెళ్ళలేదు. "కారు తాళం ఇస్తారా, అత్తయ్యగారూ?" అంది. ఇచ్చాను. కిందికెళ్ళి చూస్తే బండి స్టార్ట్ కాలేదు. వాచ్‌మన్, మనవరాలు కలిసి సెల్లార్‌లో ఆ చివరిదాకా తోశారు, అప్పుడు స్టార్టయింది, కోడలు అలాగే ఆఫీసుకి పోనిచ్చింది. నేను పైకి వచ్చేసరికి దండ లేని బాల్కనీలో రెండు పావురాలు వాషింగ్ మెషీన్ మీద కూర్చున్నాయి. తోలేసి, బకెట్‌తో నీళ్ళు తెచ్చి కడిగాను.