మా అత్తగారు వద్దనని మూమూ

మొన్న ఆదివారం టూసాన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి వీడియో కాల్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుతూ, రూమ్మేట్ వాళ్ళక్క బిడ్డకు మొదటి పుట్టినరోజనీ, వాళ్ళది హవాయి కుటుంబం కనుక లువావ్ అనే పెద్ద విందు చేస్తున్నారనీ, దానికి ఏం వేసుకోవాలో తెలియడం లేదనీ చెప్పింది. ఆ వెంటనే తనే నవ్వి, "డోంట్ వరీ అమ్మా, అమ్మమ్మలాగ నేను నైటీ అని చెప్పి ఫైట్ చెయ్యనులే" అంది. మా ఆవిడ పడీపడీ నవ్వింది. "ఏమండీ, ఆ కథ ఒక్కసారి చెప్పండి, మీరు చెప్తేనే బాగుంటుంది" అంటూ ఫోను నా వైపు తిప్పింది. గిన్నెలు కడుగుతున్నానన్న వంకతో తప్పించుకున్నాను. పన్నెండేళ్ళకు పైగా మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పి నవ్వించిన కథ అది. పోయినవాళ్ళను తలుచుకుని నవ్వుకోవడానికి ఇలాంటి కథ ఒకటి నా వయసువాళ్ళ ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. మా ఇంట్లో ఉన్నది మాత్రం అబద్ధం, అది అల్లినవాణ్ణి నేను. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

పద్దెనిమిదేళ్ళ కిందట నేను చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో కొత్త ఇంజనీరుని. మా అమ్మాయికి ఏడాది నిండలేదు. మా ఆవిడ తిరిగి ఉద్యోగంలో చేరాలి కనుక, పిల్లను చూసుకోవడానికి మా అత్తగారు రేపల్లె నుంచి జూన్‌లో వచ్చారు, నవంబరు దాకా ఉండేలాగ. అరిజోనాలో జూన్ అంటే ఏమిటో ఇక్కడ ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెల్లవారి ఐదున్నరకే నడక ముగించుకుని ఇంట్లో పడాలి, తరువాత తలుపు తీస్తే పొయ్యి ముందు నిలబడ్డట్టే. అత్తగారికి ఇంగ్లీషు రాదు, కారు రాదు, మేమిద్దరం సాయంత్రం ఆరు దాటితే గాని ఇల్లు చేరం. పిల్ల పడుకున్నాక ఆమె కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరూ నడవని ఆ వీధిని చూస్తూ కూర్చునేవారని చాలా రోజుల తరువాత తెలిసింది.

రెండు వీధుల అవతల మా టీము లీడ్ ఇల్లు. హవాయి దీవులవాడు, దగ్గర కూర్చోబెట్టుకుని నాకు పని నేర్పినవాడు. వాళ్ళమ్మగారు కొడుకు దగ్గరే ఉంటూ ఇంటి ముందు తొట్లలో దేవగన్నేరు పెంచేవారు. ఒకనాటి నడకలో మా అత్తగారు రాలిన పూలను చూసి ఆగిపోతే, ఆవిడ బయటికొచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయారట. అప్పటినుంచి శనివారం పొద్దుటి పూట అత్తగారు అక్కడే. ఒకరికి తెలుగు, ఒకరికి ఇంగ్లీషు. ఇద్దరి మధ్యా ఒక బేసిన్ నిండా పూలు. "ఆవిడ ఇంత పొడుగు సూదితో గుచ్చుతుంది బాబూ. నేను సూది లేకుండా వేళ్ళతో ముడి వేస్తుంటే నోరు తెరుచుకుని చూసింది, నాకేదో గారడీ వచ్చినట్టు" అని, ఇంటికొచ్చాక ఆ రోజంతా ఆ ముచ్చటే. నడక పేరు చెప్పి వెళ్ళి రెండు గంటలు కూర్చుని వస్తున్నారని మా ఆవిడ ఆటపట్టిస్తే, "పోవే, నీకూ ఓ స్నేహితురాలుంటే తెలిసేది" అనేవారు. ఒక శనివారం లీడ్ వాళ్ళమ్మగారు దారం తీసుకుని తన భుజాలూ చేతులూ కొలిచిందని చెప్పి, "పెద్ద దండ గుచ్చుతుంది కాబోలు" అని చిన్నపిల్లలా సంబరపడ్డారు.

సెప్టెంబరులో మా లీడ్ కూతురి బిడ్డకు ఏడాది నిండింది. పార్కులో లువావ్ పెట్టుకుని, మా టీములో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలనూ పిలిచాడు. ఏం వేసుకోవాలని మాలో ఒకరు అడిగితే, పెద్దవాళ్ళు వస్తారు గనుక భుజాలు కప్పుకుని, నేల మీద చాపల్లో హాయిగా కూర్చోగలిగేవి ఏవైనా సరేననీ, మీ ఇంట్లో పసిబిడ్డ పండుగకు కట్టుకునేవైనా మంచిదేననీ, పార్టీ సామాను షాపుల్లో అమ్మే ప్లాస్టిక్ గడ్డి పావడాలు మాత్రం వద్దు, వాటిని చూస్తే మా అమ్మ బాధపడుతుందనీ నెమ్మదిగా చెప్పాడు. సాయంత్రం పార్కింగ్‌లో నన్ను ఆపి ఒక కాగితం పొట్లం చేతిలో పెట్టి, ఇది మీ అత్తగారి కోసం అమ్మ తన చేత్తో కుట్టింది, ఎండకు చల్లగా ఉంటుందని చెప్పి వెళ్ళాడు.

నేను అక్కడే విప్పి చూశాను. ముదురాకుపచ్చ నూలు బట్ట మీద తెల్లటి ఆకులు, మెడ చుట్టూ కుచ్చు, చీలమండల దాకా వదులుగా వేలాడే గౌను. మూమూ అంటారు దాన్ని. అవతల కారు తలుపు తీస్తున్న, మా టీములోనే పనిచేసే స్నేహితుడు చూడనే చూశాడు. "ఏందిరా అది, మీ అత్తకి నైటీ పంపిండా మీ లీడ్? ఫంక్షన్‌కి నైటీల తీస్కపోతవా ఏంది, మీద తువ్వాలు కప్పుకుంటదా?" అని ఒకటే నవ్వు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు నైటీ మీద తువ్వాలు కప్పుకుని పోస్ట్‌మ్యాన్‌కి తలుపు తీయడం మనమంతా చూసిందే కదా. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా చెవులు వేడెక్కాయి. మిగతా మూడు కుటుంబాల ఆడవాళ్ళూ పట్టుచీరల్లో వచ్చి నిలబడితే, పక్కన మా అత్తగారు ఆ గౌనులో ఉంటే, వాళ్ళు ఇళ్ళకు పోయి ఏమనుకుంటారోనన్నది తప్ప నాకు వేరే ఆలోచన రాలేదు. పొట్లం మడిచి డిక్కీలో స్పేర్ టైరు కింద పెట్టేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం పొద్దున అత్తగారు ఉతికి గంజి పెట్టిన తెల్ల నూలుచీర తీసి పెట్టుకుని, "వాళ్ళింటి పద్ధతేమిటో వాళ్ళనే ఓ మాట అడిగారా బాబూ?" అన్నారు. అడిగానని, పట్టుచీరే కట్టుకోమన్నారని చెప్పాను. ఆ ఎండలో ఆమె పెద్ద జరీ అంచు పట్టుచీర కట్టుకున్నారు, నా మాట మీద.

పార్కుకు వెళ్ళి కారు దిగీ దిగగానే చూశాను. మా లీడ్ తల్లి, ఆవిడ చెల్లెళ్ళు, కూతుళ్ళు, కోడళ్ళు, ఒళ్ళో ఉన్న పుట్టినరోజు పాప, అందరూ అదే ముదురాకుపచ్చ బట్టలో, అవే తెల్ల ఆకులు. మగవాళ్ళ చొక్కాలు కూడా ఆ తానులోవే. ఇంటివాళ్ళకు మాత్రమే కుట్టించుకున్న బట్ట అది. ఆవిడ దూరం నుంచే మా అత్తగారిని చూసి చేతులు చాచి వస్తూ, దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం తడబడి, నా వైపు తిరిగి, కొలత సరిపోలేదా అని అడిగారు. అప్పుడైనా తప్పు నాదని చెప్పి ఉండవచ్చు, డిక్కీ పది అడుగుల దూరంలోనే ఉంది. మా పెద్దవాళ్ళు ఇలాంటివి వేసుకోరనీ, ఆమెకు నచ్చలేదనీ చెప్పాను. ఆవిడ ఔనౌనన్నట్టు తల ఊపి, మా అత్తగారి మెడలో పూలదండ వేసి, చెంప మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయారు. తరువాత ఆ ఆకుపచ్చ బట్టలవాళ్ళంతా ఫోటోకు వరుసగా నిలబడ్డారు. అత్తగారు చాప మీద పట్టుచీరలో చెమటలు కక్కుతూ, చెంగుతో మెడ ఒత్తుకుంటూ చూస్తూ కూర్చున్నారు. ఇంటికి వస్తుంటే కారులో నెమ్మదిగా అడిగారు: "బాబూ, ఆవిడకి నా మీద కోపం వచ్చిందా? నేనేమన్నా తప్పు చేశానా?" అదేం లేదు, పనుల్లో ఉన్నారని అన్నాను.

మరుసటి శనివారం అత్తగారు వెళ్ళి అరగంటలోనే తిరిగొచ్చారు. ఆవిడ మర్యాదగానే కూర్చోబెట్టారట, బేసిన్ మాత్రం బయటికి తీయలేదట. ఆ పై శనివారం ఈమే వెళ్ళలేదు. ఆ వారంలోనే నేను పొట్లాన్ని తీసుకుపోయి పాతబట్టలు వేసే పెట్టెలో పడేశాను. నవంబరులో ఆమె వెళ్ళిపోయారు. నాలుగేళ్ళకు రేపల్లెలో పోయారు. మా లీడ్ రిటైరై దీవులకు తిరిగి వెళ్ళాక, వాళ్ళమ్మగారు పోయినట్టు పాత టీము వాళ్ళందరికీ ఈమెయిల్ పెట్టాడు. నేను రెండు వరుసలైనా జవాబు రాయలేకపోయాను.

అత్తగారు పోయిన మరుసటి ఏడాది, నోవై అనే ఊరికి మారిపోయిన ఆ స్నేహితుడు మా ఇంటికి వచ్చి, నిండు పంక్తిలో "అరేయ్, మీ అత్తగారి నైటీ ఏమైందిరా, ఇంకా డిక్కీలనే ఉన్నదా?" అన్నాడు. మా ఆవిడ నా వంక చూసింది. నోటికి వచ్చింది చెప్పాను: ఆమెకు చూపించానని, "నైటీ కట్టుకుని పేరంటానికి ఎవరు పోతారు బాబూ, మతిపోయిందా" అని విసిరికొట్టారని. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ఏడాదిగా తల్లి పేరెత్తితే కన్నీళ్ళు పెట్టుకునే మా ఆవిడ, ఆ రోజు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, అచ్చం మా అమ్మే, అలాగే అంటుందని. ఇక అక్కణ్ణుంచి ఎలా వెనక్కి తీసుకోను?

నిజానికి ఆ బట్ట చూస్తే అత్తగారు ఏమనేవారో నాకు తెలియదు. వద్దనేవారేమో. మీద తువ్వాలు కప్పుకునైనా వేసుకునేవారేమో. ఆమెను చూడనిచ్చింది ఎవరు?

వీడియో కాల్ అయిన మర్నాడు మా ఆవిడకు అంతా చెప్పాను. చివరిదాకా విన్నది. అంతా అయ్యాక, "అమ్మ ఇంకా నాలుగేళ్ళు బతికింది. ప్రతి ఆదివారం ఫోన్ కలిపి ఇచ్చింది మీరే" అంది. మరో రెండు రోజులు అవసరానికి తప్ప మాట్లాడలేదు. మూడో రోజు బట్టలు మడతపెడుతూ, ఆ ఆకుపచ్చ ఎలాంటిదని అడిగింది. ముదురు, మామిడాకంత అని చెప్పాను. "అమ్మకి నప్పేది" అంది, అంతే.

అప్పట్లో మేము నాలుగే కుటుంబాలం, ఒకరి బట్టల మీద ఒకరి కళ్ళుండేవి. ఇప్పుడు చాండ్లర్‌లో ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, ఎవరు ఏం వేసుకుని ఎక్కడికి వెళ్ళినా ఎవరూ పట్టించుకోరు. మా అమ్మాయి అయితే రూమ్మేట్ ఇంటివాళ్ళకే నేరుగా మెసేజ్ పెట్టి అడిగేసిందట, నిమిషంలో జవాబు వచ్చిందట. నేను భయపడిన ఆ చూపుల్లో ఒక్కటీ ఇవాళ మిగల్లేదు. నిజం చెప్పి తేలికపడ్డానని కూడా అనలేను. శనివారం మా ఇంటికి నలుగురు భోజనానికి వచ్చారు; మాటల్లో అత్తల ప్రస్తావన వస్తే ఎవరో నన్ను ఆ కథ చెప్పమన్నారు. మా ఆవిడ నా వైపు చూడకుండానే, వాళ్ళ కంచాల్లో ఇంకాస్త పప్పు వడ్డించి మాట మార్చింది. తల్లిని తలుచుకుని నలుగురిలో నవ్వడానికి ఆమెకు ఉన్నది ఆ కథ ఒక్కటే. ఇప్పుడు అదీ లేదు.