ఏడో రోజుకు ఒక గొంతు

తైపేలో ఎలక్ట్రానిక్స్ బజారు నేలమాళిగలో నాది తీగల కొట్టు, పక్కది యెన్ మేస్త్రీది. లేవని కంప్యూటర్లను లేపడం ఆయన పని. ఇరవై రెండేళ్లు మదర్‌బోర్డుల ఫ్యాక్టరీలో పరీక్షల వరుసలో నిలబడ్డాడు. ఫ్యాక్టరీ సముద్రం దాటిపోయాక ఇక్కడికి వచ్చాడు. ఎండ ఆయన వెంట మెట్లు దిగి రాలేదు.

ఆ వాన మధ్యాహ్నం యూగ్వే కంప్యూటరును చంటిబిడ్డలా హత్తుకుని వచ్చింది. ఆమె భర్త పోయి ఆ రోజుకు ఐదో రోజు. లారీ నడిపేవాడు. వక్క నమిలి నమిలి నోట్లో పుండు లేచింది, చివరికి నాలుకే తీసేశారు. ఆపరేషనుకు ముందు తన గొంతును ఇందులో దాచాడు.

"ఏం చెప్పాడో ఇంకా వినలేదు మేస్త్రీ. నేను పోయాకే విను అన్నాడు. పోయినవాళ్లు ఏడో రోజు ఇంటికొస్తారు కదా, పక్కన కూర్చోబెట్టుకుని విందామనుకున్నా. ఎల్లుండే."

"ఎప్పట్నుంచి లేవట్లేదు?"

"తెర మీద గీతలొస్తున్నాయని మా తమ్ముడు నిన్న కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాడు. అంతే, నల్లగా అయిపోయింది. పాతది చెత్తబండి పాట వినపడగానే పట్టుకెళ్లి పడేశాడు."

"ఆ చేతులకో దండం," అన్నాడు యెన్.

మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలగలేదు. మెమరీ ముక్కలు ఒక్కొక్కటే తీసి పెట్టాడు, బ్యాటరీ తీసి ఆగాడు. చివరికి బోర్డు మీది అంకె చదివి తలూపాడు. మీట నొక్కగానే ముందుగా మేలుకుని ఏ భాగం ఏమిటో పోల్చుకునే ప్రోగ్రాం బయోస్. ఇందులోది చాలా పాతది. కొత్త కార్డు దానికి పరాయిది.

"ఏమ్మా తీగల మహారాణీ, నీ దగ్గర పాత కార్డేమైనా పడుందా?" అని కేకేశాడు.

"ముందు నన్ను రెండు నూడుల్స్ మింగనీ. నీకెప్పుడూ నా తిండి వేళకే పని పుడుతుంది," అన్నాను.

ఆయన ఆగలేదు. ఫ్యాక్టరీలో బోర్డు చేతికి రాగానే కొత్త బయోస్ ఎక్కించడమే నియమం. అక్కడి బోర్డులకు గతం ఉండదు. మా వాళ్లందరిలాగే, యంత్రం బుద్ధిగా ఉండాలని పచ్చ చిరుతిళ్ల ప్యాకెట్టు ఒకటి దాని నెత్తిన పెట్టాడు. బయోస్ ఉండే చిప్పుకు క్లిప్పు తగిలించి, మొత్తం తుడిచి కొత్తది రాశాడు.

తెర వెలిగింది. యూగ్వే నోటికి కొంగులా రుమాలు అడ్డం పెట్టుకుంది. అంతలో తెర నీలంగా మారి, నలభై ఎనిమిది అంకెల తాళం అడిగింది.

డిస్కుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఆ చిప్పులోనే ఉండేది. తుడిచే ముందు ఆయన నకలు తీయలేదు.

"అమ్మా, ఆయన ఎక్కడైనా అంకెలు రాసి పెట్టుకున్నాడా?"

"నాలుక పోయాక అన్నీ పిల్లల తెల్లపలక మీదే పెన్నుతో రాసేవాడు. చదవగానే తుడిచేసేవాడు." ఆగి అడిగింది. "ఏమైంది?"

"నేనే పోగొట్టానమ్మా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నా తీగల పెట్టె అడుగున పాత కార్డు రెండు నిమిషాల్లో దొరికింది. అది పెట్టుంటే చాలు, తుడిచే పనే ఉండేది కాదు. దాన్ని ఆయనకు చూపించే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.

ఏడో రోజు తెల్లవారగానే ఇద్దరం ఆమె ఇంటికి వెళ్లాం. ఫొటో ముందు అన్నం గిన్నె, సగం కాలిన అగరుబత్తులు. పక్కన కంప్యూటరు, నీలం వెలుగులో నలభై ఎనిమిది ఖాళీలు. దాని ముందు పలక, మూత తీసిన పెన్ను.

"రాత్రి వచ్చుంటాడు," అంది యూగ్వే. "అంకెలు రాస్తాడేమోనని పెట్టా."

పలక శుభ్రంగా ఉంది. యెన్ దాన్ని తీసుకుని, తిప్పి, వెనక వైపు కూడా చూశాడు.