ఏడో మనిషికి దూది

1976వ సంవత్సరం డిసెంబరు 9, గురువారం. మూడు దినాలు పట్టిన ముసురు ఆ తెల్లవారుజామున వెలిసింది. వెలిసిన వానకు బదులుగా మంచు దిగింది. పెనుకొండ కోట గోడలు సగం వరకే కనబడుతున్నాయి. పై సగాన్ని ఎవరో తడిగుడ్డతో తుడిచివేసినట్లున్నది.

నేను బడికి సెలవు పెట్టి, రొద్దం వైపున్న గుట్టల వరుసకు బయలుదేరాను. అక్కడొక బండ మీద పాత అక్షరాలున్నాయని మా బడి బంట్రోతు పౌలు చెప్పాడు. శాసనాలు వెతకడం నాకున్న ఒకే ఒక వ్యసనం. రాతిలో చెక్కిన బండి ‘ఱ’ను వేలితో తడిమి చూసినవాడికి, అది పిల్లల వాచకాల నుండి ఎట్లా జారిపోయిందో తలచుకుంటే ముద్ద దిగదు. ఆ దుఃఖం వేరు. దానికిది చోటు కాదు. పౌలు చెప్పిన బండను కనుగొన్నాను. దాని మీద ఉన్నవి అక్షరాలు కావు, వాననీరు కోసిన చారలు.

తిరుగుముఖం పట్టబోతుండగా మంచులో నుండి ‘టుంయ్’ మని ఒక ధ్వని వచ్చింది. కొంత ఎడమిచ్చి మళ్ళీ వచ్చింది. దూది ఏకే విల్లు ధ్వని అది. వీధిలో విన్నప్పుడు ఎవరింట్లోనో పెండ్లి పరుపు తయారవుతున్నదని సంతోషం కలుగుతుంది. నరసంచారం లేని గుట్ట మీద, నాలుగడుగుల అవతల ఏమున్నదో తెలియని మంచులో విన్నప్పుడు కలిగేది వేరు. కాళ్ళు వెనక్కు పోదామంటున్నా నేను ముందుకే నడిచాను.

సున్నం కొట్టిన ఒక సమాధి, దాని మీద పచ్చని గుడ్డ. పక్కన నలభై దాటిన ఒక స్త్రీ విల్లు పట్టుకొని కూర్చుని, గుప్పెడు దూదిని ఏకుతున్నది. సమాధి తలవైపు నిలువుగా పాతిన రెండు రాతికూసాల మీద ఒక అల్యూమినియం రేకు పరచి ఉన్నది. దాని అంచున రివెట్లు వరుస తప్పకుండా ఉన్నాయి. అది ఏ ఇంటి కప్పుకూ చేసిన రేకు కాదు.

ఆమె తల తిప్పకుండానే, “బండలు జారుతాయి, చూసుకొని రాండి అయివారూ” అన్నది.

నేను బడిపంతులునని ఎట్లా తెలిసిందని అడిగాను.

“మా సుగ్రా మీ బళ్ళోనే చదువుతాంది. మీ ఇంట్లో పరుపు కుట్టింది నేనే. మీ చెప్పుల సద్దు నాకు తెలీదా?”

ఆమె పేరు ఖాతూన్‌బీ. దూదేకుల వారి ఆడబిడ్డ. పదేళ్ళ కిందట భర్త హిందూపురంలో జబ్బుచేసి పోతే, మూడేళ్ళ సుగ్రాను చంకన వేసుకొని పెనుకొండలో తండ్రి అమీర్‌సాబ్ దగ్గరకు వచ్చేసింది. ఆ కులంలో విల్లు మగవాడిది, సూది ఆడదానిది. అమీర్‌సాబ్ చూపు తగ్గినప్పుడు ఈమె విల్లు అందుకున్నది. బంధువులు వెక్కిరించారు; ఆమె వాళ్ళ పరుపులు కూడా ఏకింది. తండ్రి పోయిన తరువాత ఈ సమాధి బాధ్యత కూడా ఆమెకే వచ్చింది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు దీన్ని గాలిసాబ్ సమాధి అంటారు; హిందువులూ తురకలూ అన్న భేదం లేకుండా గురువారం నాడు చక్కెర తెచ్చి, దాని మీద ప్రార్థన చదివించుకొని పోతారు. ఇంతమంది మొక్కే ఈ వలీ, ఈ మహాత్ముడు, ఎవరని అడిగితే ఆమె ఇంతకాలం ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. ఎందుకు నాకే చెప్పిందో నేటికీ తెలియదు. మంచులో మనుషులు గొంతులుగా మాత్రమే మిగులుతారు. గొంతుకు గొంతు సాక్ష్యం చెప్పడం తేలిక కావచ్చు.

పెద్ద యుద్ధం ముగిసిన తరువాతి మూడు నాలుగేళ్ళను నా వయసు వాళ్ళు మరచిపోలేరు. యుద్ధంలో అలసిన రవాణా విమానాలు సిపాయిలనూ, టపానూ, మందుల పెట్టెలనూ మోస్తూ మన నెత్తిమీదుగా తిరిగేవి. మంచు వేళ కొండలకు తగిలి కూలిపోయేవి. పత్రికలో రెండు పంక్తుల వార్త పడేది. ఆ రెండు పంక్తులలో ఒకటి విమానం పేరుకే సరిపోయేది. అట్లాంటి డకోటా విమానం ఒకటి 1948 డిసెంబరు 9న, పొద్దున ఎనిమిదిన్నరకు, ఈ గుట్టను కొట్టుకున్నది. మంట రెండు దినాలు ఆరలేదు. బెంగుళూరు నుండి లారీలలో సిపాయిలు వచ్చి, దొరికిన వారిని పెట్టెలలో పెట్టుకొని మూడవనాటికి వెళ్ళిపోయారు. వారి పట్టీలో ఏడుగురు. దొరికినది ఆరుగురు. విమానపు ముక్క ఏది దాచుకున్నా జైలేనని పోతూ పోతూ దండోరా వేయించారు. అప్పటికే ఊరంతా రేకులు దాచుకున్నది. అమీర్‌సాబ్ కూడా ఒకటి దాచుకున్నాడు.

నాలుగవనాడు, తప్పిపోయిన మేకను వెతుకుతూ అమీర్‌సాబ్, వెంట పద్నాలుగేళ్ళ ఖాతూన్‌బీ, గుట్ట అవతలి లోయలోకి దిగారు. మేక దొరికింది. ఒక బండకు ఆనుకొని కూర్చున్న మనిషి పక్కన, అతని తొడకు ఒరిగి పడుకొని ఉన్నది. మనిషికి కాలిన గాయం లేదు. కళ్ళు మూసుకొని ఉన్నాడు. చలికి ముడుచుకొని కునుకు తీస్తున్నవాడిలాగే ఉన్నాడని ఖాతూన్‌బీ చెప్పింది. నాయన రెండుసార్లు పిలిచినాడట, “ఏమబ్బా, ఏమబ్బా” అని.

మెడలో వెండి తాయెత్తు ఉన్నది. దానిని విప్పబోయి అమీర్‌సాబ్ చేయి వెనక్కు తీసుకున్నాడు. తాయెత్తు కట్టిన పట్టుదారానికి ముడి లేదు. చుట్టూ తిప్పి చూసినా మొదలు లేదు, తుద లేదు. తాయెత్తు ఉన్నది కనుక తనవాడే. ముడిలేని దారం మెడలో ఉన్నది కనుక మామూలు మనిషి కాడు. అట్లా నిర్ణయించుకొని, దండోరా భయంతో ఎవరికీ చెప్పక, అక్కడి నుండి మోసుకువచ్చి ఈ చోట పూడ్చిపెట్టాడు. శవానికి చుట్టే కఫను గుడ్డ లేదు. పరుపుకని ఏకి ఉంచిన దూదిని పొరలుగా పరచి కప్పాడు. ఏటేటా విమానం కూలిన నాడు గుప్పెడు కొత్త దూది ఏకి పచ్చగుడ్డ కింద పెట్టడం ఆ ఇంటి ఆచారమైంది.

“చలి మనిషి అయివారూ. దూది పెట్టకపోతే ఇంట్లో మా దుప్పట్లు తడిసినట్ల ఉంటాయి” అన్నది.

నేను నవ్వబోయాను. అప్పుడామె చేయి ఆపి, విల్లును ఒడిలో పెట్టుకొని, మాట్లాడవద్దని సైగ చేసింది. ఎవరూ ముట్టని విల్లు నారి సన్నగా మ్రోగుతున్నది. తుమ్మెద రొదగా మొదలై లావెక్కింది. రాతికూసాల మీది రేకు అందుకున్నది. రివెట్లు పళ్ళు కొరికినట్లు చప్పుడు చేశాయి. ఆ రొద మా తలల మీదికి వచ్చి, గుట్టవైపు సాగి, తటాలున తెగిపోయింది. నా గడియారం ఎనిమిదీ ముప్పై రెండు చూపుతున్నది. గాలికి తంత్రి మ్రోగడం వింత కాదని నాకు తెలుసు. కాని ఆ పొద్దు గాలి లేదు. ఆమె చేతిలోని దూది పింజ కూడా కదలలేదు.

నిదానించుకున్న తరువాత తాయెత్తు చూపించమని అడిగాను. దారం తెంచడానికి చేయి రాక తండ్రి దానిని తలమీదుగా తీశాడట. కూసానికి వ్రేలాడుతున్న దానిని నా అరచేతిలో పెట్టింది. ఏడు పోగుల పట్టుదారం. వేళ్ళతో తడిమాను. నిజమే, ముడి లేదు. అయితే ఒకచోట, గోరు పట్టేంత మేర, పేనిన జాడ ఉన్నది.

నేను అంతకుముందు ఎనిమిదేళ్ళు ధర్మవరంలో పనిచేశాను. ఒక నేతవారి ఇంటి ముందుగదిలో అద్దెకున్నాను. అక్కడ మగ్గం మీద తెగిన పోగును ముడి వేయరు; ముడి పడితే చీరలో గరుకు తేలుతుంది. పాత పడుగు కొసనూ కొత్త పడుగు కొసనూ వేళ్ళ నడుమ బూడిద అద్ది మెలిపెట్టి అతుకుతారు. ఆ ఇంటి యజమానురాలు ఉలిగమ్మ. గూగూడు కుళ్ళాయిస్వామి పీరుకు మొక్కుకొంటే పుట్టిన కొడుకని పేరు కుళ్ళాయప్ప పెట్టి, ఆ పీరు తాయెత్తునే వాడి మెడలో కట్టింది. మన సీమలో హిందువుల ఇండ్లలో ఇది సర్వసాధారణం. వాడు సైన్యంలో చేరాడు. సెలవు ముగిసి బండి ఎక్కేముందు, పాత దారం చివికిందని, కోడలు శారదమ్మ తమ పెండ్లిచీర పడుగులో మిగిలిన ఏడు పోగులతో కొత్తది అతికి కట్టింది. ఆ తరువాత వచ్చినది సైన్యం వారి ఉత్తరం: విమాన ప్రమాదమున కనబడుట లేదు, మరణించినట్లు భావించవలెను. ‘భావించవలెను’ అన్న క్రియకు ఉలిగమ్మ లొంగలేదు. కోడలి గాజులు తీయనివ్వలేదు. కొడుకు పటానికి దండ వేయనివ్వలేదు. ఎనిమిదేళ్ళు ఆ ఇంటి అర్జీలు వ్రాసినవాణ్ణి నేనే.

ఇదంతా ఖాతూన్‌బీకి చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందేమోనని తరువాత చాలాసార్లు అనుకున్నాను. ఆమె తాయెత్తును నా చేతి నుండి తీసుకొని సమాధి వైపు చూసింది.

“అయితే ఈయప్ప వలీ కాదా?”

నేను పచ్చగుడ్డ మీద రాలిన దూది పింజను తీసి ఆమెకు అందించాను.

“ఆయమ్మ ఇంగా గాజులు ఏసుకొనే ఉండాదా?”

ఉన్నదన్నాను. ఆమె విల్లు భుజాన వేసుకొని మంచులోకి దిగిపోయింది.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆమె మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నది. ధర్మవరం రైలెక్కి, నేను చెప్పిన గుర్తులతో ఆ వీధికి పోయి, పరుపులు ఏకుతామని కేకవేసిందట. ఉలిగమ్మే పిలిచింది. రెండు దినాలు ఆ పెరట్లోనే పని. చెప్పాలనే పోయింది. ఎదురుగా శారదమ్మ రాట్నం ముందు కూర్చొని పట్టు చుడుతూ, అడిగినదానికి తప్ప మాట్లాడలేదు. చేతినిండా గాజులు, రాట్నం తిరిగినప్పుడల్లా అవి మ్రోగుతున్నాయి. ఆ చప్పుడు వింటూ నోరు తెరవడం తన వల్ల కాలేదన్నది. రెండవనాడు ఉలిగమ్మ లోపలి నుండి ఒక దిండు తెచ్చి ఇచ్చింది.

“నా కొడుకుది పాపా. మెత్తగా ఏకు. గట్టిగా ఉంటే వాడు పండుకోడు” అన్నదట ముసలామె.

ఆ దిండు విప్పినప్పుడు లోపలి దూది తడిగా ఉన్నదని చెప్పి, ఖాతూన్‌బీ తన రెండు చేతులూ చూసుకున్నది. ఎండబెట్టి ఏకి, దూది నడుమ తాయెత్తు పెట్టి, కుట్టి ఇచ్చి వచ్చేసింది.

“నేను చెప్పలేకపోతి. దారం చెప్తాదిలే అయివారూ. ఆ కోడలమ్మ చేతిదే కదా.”

ఆనాటి నుండి నేను ధర్మవరం ఉత్తరానికి ఎదురుచూశాను. రాలేదు. నాకు హిందూపురం బదిలీ అయింది. 1979లో ఒక మధ్యాహ్నం ధర్మవరం స్టేషనులో బండి మారుతుండగా శారదమ్మ ఎదురైంది. గాజులున్నాయి, బొట్టున్నది. అత్తగారికి కళ్ళు కనబడటం లేదని చెప్పింది. కొంతదూరం పోయి, మళ్ళీ వెనక్కు వచ్చి, “ఆ దూదేకులక్కది యా ఊరు సార్?” అని అడిగింది. పెనుకొండ అన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది. ఆమెకు తెలిసిందో లేదో ఆ ముఖంలో నాకు దొరకలేదు. ముప్పై ఏళ్ళు పద్యాలకు తాత్పర్యం చెప్పినవాణ్ణి, ఒక మనిషి ముఖానికి చెప్పలేకపోయాను. అడిగే ధైర్యమూ చేయలేదు.

1983లో ఉద్యోగ విరమణ చేశాను. 1985 జనవరిలో, ఖాతూన్‌బీ చెప్పగా సుగ్రా వ్రాసిన ఉత్తరం హిందూపురానికి వచ్చింది. ఇతరుల ఉత్తరాలను కూడా దిద్దడం నా చెడ్డ అలవాటు. దీనిలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

“అయివారికి ఖాతూన్‌బీ సలాము. మేము బాగుండాము. మీరు బాగుండారని తలుస్తాము. ఉలిగమ్మ అవ్వ పోయిన కార్తీకంలో పోయిందంట. కర్మలు అయినాక, మొన్న డిసెంబరు తొమ్మిదో తేదీ శారదమ్మ ఒంటిగా వచ్చె. నేను గుట్ట కింద ఉంటి. మంచులో ఆయమ్మ దిండు చంకన పెట్టుకొని నడిచి వస్తాంది. నేను దారి చూపిస్తామని లేస్తే ఆయమ్మే ముందు నడిచె. యా బండ కాడ తిరగాల్నో ఆ బండ కాడే తిరిగె. ఎప్పుడన్నా వచ్చింటివా అంటే లేదు అనె. దిండులో తాయెత్తు నేను పోయిన మూడో దినమే చేతికి తగిలిందంట. వేలు పెట్టి చూస్తానే తెలిసిందంట. అత్త ఉన్నన్ని దినాలు అత్తకు కొడుకు ఉండాల కదక్కా, అందుకే నోరు మెదపలేదు అనె. ఎనిమిదేండ్లు అయివారూ. దినామూ ఆ పటం ముందర అన్నం పెట్టె.

నేను ఆయమ్మ కాళ్ళు పట్టుకుంటి. మా నాయన తెలీక, మావాడని దూది కప్పి పూడ్చినాడు, తప్పు కాయమ్మా అంటి. ఆయమ్మ నన్ను లేపి, చలికి దూది కప్పినోళ్ళు మీరే కదా అనె. గాజులు తీయలేదు, నేను అడగలేదు. దిండు సమాధి తలపక్క పెట్టి పొద్దు వాలేదాకా కూర్చునె. లేచేటప్పుడు దిండు మళ్ళా చంకన పెట్టుకునె. ఈడ పెట్టి పోవా అంటే, ఇంటికి వచ్చినాక దేని మీంద పండుకుంటాడక్కా అనె.

గుట్ట మేము ఇద్దరమే దిగితిమి. కింద మేకలోళ్ళు మాత్రం ముగ్గురు దిగిరి అంటాండారు. నేను ఎనిక్కి తిరిగి చూళ్ళేదు. ఆయమ్మా చూళ్ళేదు.”