లూప్ లైన్లో ఓడిల్

ఓడిల్ షాబోకి కోపం పుట్టుకతోనే వచ్చిందని ఆ లైను పొడుగునా అనుకుంటారు. తప్పు. పుట్టుకతో వచ్చింది ఓర్పు. కోపం రైల్వేవాళ్ళు పెట్టిన భిక్ష. అదీ ఒక్కసారిగా కాదు, డెబ్బై ఏళ్ళపాటు విడతలవారీగా.

ఉత్తర ఒంటారియో అడవిలో, పట్టాల పక్కన గ్యాంగ్ క్వార్టర్సులో పుట్టిందామె. తండ్రి పట్టాలు బాగుచేసే గ్యాంగ్ మేస్త్రి. ఆ రోజుల్లో ప్యాసింజరు బండి రోజూ వచ్చేది, వేళకి వచ్చేది. స్టేషనులో పొయ్యి ఉండేది, పొయ్యి పక్కన బెంచీ ఉండేది. ముందు బెంచీ పోయింది. తర్వాత పొయ్యి పోయింది. ఆ తర్వాత ఎవరూ రావడం లేదని, పేరు బోర్డు ఒక్కటి ఉంచి స్టేషనే కూల్చేశారు. పొయ్యీ బెంచీ తీసేస్తే ఎవరొస్తారని అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ. రోజూ వచ్చే బండి వారానికి రెండుసార్లయింది. అదీ ముందుగా చెప్పుకుంటేనే ఆగుతుంది. రోడ్డు అక్కడ ఎప్పుడూ లేదు. చుట్టుపక్కల వాళ్ళంతా తలోదారిన పోగా మిగిలింది ఓడిల్, ఆమె మొగుడు ఫెర్నాండ్, సరస్సు అవతల వాళ్ళ కర్రిల్లు.

శీతాకాలంలో అక్కడ దిగడానికి ఒక నియమం ఉంది. దిగేవాళ్ళ కోసం పట్టాల పక్కన మనిషి కనబడాలి. కనబడకపోతే దింపరు, తర్వాతి ఊరికి మోసుకుపోతారు. సున్నాకి నలభై డిగ్రీలు కిందున్న చలిలో ఒంటరి మనిషిని వదిలేసి పోకూడదని పెట్టిన నియమం. మంచిదే. మరి దింపుకోవడానికి వచ్చినవాడు అదే చలిలో ఎంతసేపు నిలబడాలో మాత్రం ఏ నియమంలోనూ రాయలేదు.

పోయిన శీతాకాలం బండి ఆలస్యమైతే, కాస్త కాళ్ళు కాచుకుందామని ఫెర్నాండ్ ఇంటికెళ్ళాడు. సరిగ్గా అప్పుడే బండి వచ్చింది. ఓడిల్‌ని తర్వాతి ఊరికి మోసుకుపోయారు. తిరుగుబండి వచ్చేదాకా ఎవరింట్లోనో సోఫా మీద ముడుచుకుని పడుకుని, ఇంటికొచ్చాక మొగుణ్ణి నెల రోజులపాటు ఉతికి ఆరేసింది. పాపం ఫెర్నాండ్ నోట్లో నాలుక లేని మనిషి. ఇంకెప్పుడూ కదల్ను అన్నాడు. అన్నాడంటే అంతే.

ఆ తర్వాతి వేసవిలో డాక్టరమ్మ అతని కాళ్ళు చూసింది. ఏళ్ళ తరబడి షుగరు. పాదాల్లో స్పర్శ లేదు. ఈ పాదాలకి ఇంకోసారి చలి పట్టిందంటే ఇక కత్తి పెట్టాల్సిందేనని ఇద్దరి ముందూ చెప్పేసింది. కాలు లేని మనిషి ఆ అడవిలో బతకలేడు. పట్నంలో బతకమంటే ఫెర్నాండ్ అసలే బతకడు.

ఈ జనవరిలో ఓడిల్ కొత్త పళ్ళసెట్టు కోసం సడ్‌బరీ వెళ్ళింది. పళ్ళు పెట్టించుకుని, పిండీ కాఫీ పొడీ మంచు మీద నడిచే మోటారు స్లెడ్జికి కొత్త బెల్టూ కొనుక్కుని, బండి సామాన్ల పెట్టెలో వేయించి, తెల్లారేసరికి బండెక్కింది. మధ్యాహ్న భోజనం వేళకి ఇంట్లో ఉండాలి. పళ్ళసెట్టు చిగుళ్ళను కొరుక్కుతింటోంది, అయినా ఫెర్నాండ్‌కి చూపించాలని తీయకుండా కూర్చుంది.

పొద్దెక్కుతుండగా బండి వేగం తగ్గి, ఎదురుబండికి దారి ఇవ్వడానికి పక్కనున్న లూప్ లైన్లోకి మళ్ళి ఆగిపోయింది. ఓడిల్‌కి ఇది కొత్త కాదు. ఆ పట్టాలు గూడ్సు కంపెనీవి. ప్యాసింజరు బండి వాళ్ళింట్లో అద్దెకున్నట్టు. పైగా గూడ్సు బండ్లను ఏటేటా పొడుగు పెంచుకుంటూ పోయారు, ఇప్పుడవి ఏ లూప్ లైన్లోనూ పట్టవు. పెద్దది పక్కకి తప్పుకోలేదు కాబట్టి ఎప్పుడూ చిన్నదే తప్పుకోవాలి. మనుషులు ఆగుతారు. గోధుమలూ నూనె ట్యాంకులూ చైనా నుంచొచ్చిన ప్లాస్టిక్ కుర్చీలూ ముందెళ్తాయి.

ఒక గూడ్సు వెళ్ళింది. బండి కదిలి కొంత దూరం పోయి మళ్ళీ లూప్ లైన్లో పడింది. మధ్యాహ్నం దాటింది. ఓడిల్ ఉన్న పెట్టెలో నీళ్ళ గొట్టం గడ్డకట్టి మరుగుదొడ్డి మూతపడింది. అందరూ దుప్పట్లు కప్పుకుని ఒకరికొకరు క్షమించమని చెప్పుకుంటూ పక్కపెట్టెలోకి వరసగా వెళ్ళొస్తున్నారు. క్షమించమనడం ఆ దేశంలో తుమ్మడం లాంటిది. కాలు తొక్కినవాడూ అంటాడు, తొక్కించుకున్నవాడూ అంటాడు. ఓడిల్ కూడా ఆ గడ్డ మీద పుట్టిందే కదా, ఆమే రెండు మూడుసార్లు అనేసింది. తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసేది. మొగుడు చలిలో ఉంటే తను మర్యాదగా కూర్చుందట.

ప్రయాణికుల బాగోగులు చూసే మెరిక్ అనే ముప్పై ఏళ్ళవాడు బఠాణీ సూపూ బిస్కెట్లూ ఉచితంగా పంచుతూ వచ్చాడు. ముఖాన చిరునవ్వు అతికించుకున్నాడు. ఓడిల్ అతన్ని ఆపి, తన కోసం పట్టాల పక్కన ఒక ముసలాయన పొద్దుటినుంచీ నిలబడి ఉన్నాడని, అక్కడ ఫోను పనిచేయదని, కాళ్ళు బాగోలేవని చెప్పింది. మెరిక్ శ్రద్ధగా విన్నాడు. చాలా విచారం ప్రకటించాడు. రైళ్ళను ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో ఎక్కడో దూరాన కంట్రోలు గదిలో కూర్చున్నవాళ్ళు చూస్తారని, తన చేతిలో ఏమీ లేదని, ఇంకో బిస్కెట్ తీసుకోమని అన్నాడు.

అద్దాల పైకప్పు ఉన్న పెట్టెలో వాంకూవర్ దాకా వెళ్ళే విహారయాత్రికులు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నారు. డబ్బు పోసి వచ్చినవాళ్ళు. ఎంత ఆలస్యమైతే అంత అడవి చూడొచ్చు. కాళ్ళు సాచుకుందామని అటు వెళ్ళిన ఓడిల్‌తో, వైను గ్లాసు పట్టుకున్న ఒకావిడ, ఈ మంచు చూస్తుంటే బండి ఇక్కడే ఉండిపోతే బాగుండనిపిస్తోంది అంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

"ఉండిపోవాలనుంటే దిగమ్మా. మా ఇంట్లో చోటుంది. కట్టెలు కొట్టేవాళ్ళు కావాలి మాకు" అని ఓడిల్ వెనక్కి వచ్చేసింది.

సీట్లో కూలబడ్డాక ఆమెకి అసలు సంగతి తెలిసొచ్చింది. ఏ ఇంగితమున్న మనిషైనా ఈ పాటికి పట్టాల పక్కన వేసుకున్న మంట ఆర్పేసి ఇంటికెళ్ళిపోయి ఉంటాడు. ఫెర్నాండ్ వెళ్ళడు. వెళ్ళడని ఆమెకి తెలుసు. వెళ్ళకుండా చేసింది ఎవరో కూడా తెలుసు. కదిలితే భార్య నోరు, కదలకపోతే చలి. ఆ పిచ్చిమారాజు చలినే ఎంచుకుంటాడు. ఒక్క క్షణం ఏడుపు తన్నుకొచ్చింది. మరుక్షణం ఆ ఏడుపంతా ఒళ్ళుమంటగా మారింది. నెల రోజులు తిట్టాల్సింది మొగుణ్ణి కాదు. తిట్టాల్సినవాళ్ళు దొరక్క, చేతికందినవాణ్ణి తిట్టింది.

ఆమె లేచి కోటు గుండీలు పెట్టుకుంది. పళ్ళసెట్టు తీసి జేబులో వేసుకుంది. పెట్టె చివరికెళ్ళి, చిన్నప్పటినుంచీ చేతికి అలవాటైన తలుపు తీసి, మెట్టు మీదనుంచి మోకాలిలోతు మంచులోకి దిగింది. మెరిక్ వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు. పెట్టెలన్నీ దాటుకుంటూ ఇంజను దాకా నడిచింది. పట్టాల పక్కన పడున్న ఇనపముక్క ఒకటి తీసి ఇంజను పొట్ట మీద ఠంగుఠంగుమని కొట్టింది.

కిటికీ తెరుచుకుంది. డ్రైవరు యాభై దాటినవాడు, గడ్డం నెరిసింది.

"ఏంటి పెద్దమ్మా ఇది, చచ్చిపోతావు, లోపలికెళ్ళు" అన్నాడు.

"ఇందాక ఎదురొచ్చిన గూడ్సోణ్ణి అడుగు. మా స్టేషను దగ్గర మనిషున్నాడా లేడా అడుగు. అడిగేదాకా నేను కొడతానే ఉంటా."

డ్రైవరు రేడియో తీశాడు. అటు ఏదో గొంతు గరగరలాడింది. అతను విని రేడియో దించాడు.

"మంట కనబడిందట. పక్కన మనిషి మాత్రం కనబళ్ళేదట" అన్నాడు.

ఇంకో గూడ్సు రావలసి ఉందని, అది దాటితేగానీ సిగ్నలు ఇవ్వరని కూడా చెప్పాడు. అంతలో మెరిక్ పరుగెత్తుకొచ్చాడు, కోటు లేకుండా, పళ్ళు టకటకలాడుతూ. లోపలికి రమ్మని, ఇది ప్రమాదమని, నిబంధనలు ఒప్పుకోవని వేడుకున్నాడు. ఓడిల్ మంచులో చతికిలబడింది.

"మా ఆయన బయటున్నాడు, నేనూ బయటే ఉంటా. ప్రయాణికురాలు కిందుంటే బండి కదలకూడదు కదా. నన్నిక్కడ వదిలెయ్యనూ కూడదు కదా. మీ నియమాలు నాకూ వచ్చు నాయనా. ఫోన్ చేసి చెప్పు మీ గదిలోవాళ్ళకి. ఒక ముసల్ది గడ్డకడుతోందని చెప్పు. కుర్చీల బండి ముందా, ముసల్ది ముందా తేల్చుకోమను."

మెరిక్ ఆమె చెయ్యి పట్టుకుని లేపబోయాడు. ఆమె చూసిన చూపుకి వదిలేశాడు. డ్రైవరు మళ్ళీ రేడియో తీశాడు. ఈసారి చాలాసేపు మాట్లాడాడు, గొంతు పెంచి మాట్లాడాడు. పొద్దుటినుంచీ చేతిలో ఏమీ లేదన్నవాళ్ళకి హఠాత్తుగా చేతులొచ్చాయి. రావలసిన గూడ్సును పడమటి యార్డులోనే నిలిపేశారు. పొద్దుటే ఎందుకు నిలపలేదని ఓడిల్ అడిగింది. ఇంతకాలం కుదరనిదంతా ఎవరూ మంచులో కూర్చోకపోవడం వల్లే కుదరలేదన్నమాట.

బండి కదిలింది. ఓడిల్ సామాన్ల పెట్టెలో తలుపు పట్టుకుని నిలబడింది. పొద్దు వాలిపోతోంది. స్టేషను పేరు బోర్డు కనిపించకపోవడంతో డ్రైవరు ఆ చోటు దాటిపోబోయి, నిప్పుల ఎరుపు చూసి బ్రేకు వేశాడు. ఫెర్నాండ్ నిప్పుల పక్కన మంచు తవ్వుకున్న గుంటలో, స్లెడ్జి మీది పట్టా కప్పుకుని కూర్చుని ఉన్నాడు. అందుకే గూడ్సువాడికి కనబళ్ళేదు. కనుబొమ్మలు తెల్లగా గడ్డకట్టాయి. బతికే ఉన్నాడు.

"కట్టెలైపోయాయే. బోర్డు నరికి మంటలో వేశా. అదొక్కటే పొడిగా ఉంది" అన్నాడు.

"ఏవయ్యా, ఇంటికెళ్ళి చావొచ్చుగా" అంది ఓడిల్. అంటూనే అతని బూటు లాగింది. మేజోడు పాదానికి అతుక్కుపోయి ఉంది. బలవంతాన ఊడదీస్తే పాదం కొవ్వొత్తిలా తెల్లగా బయటపడింది. వేళ్ళు నొక్కింది. నొప్పెడుతోందా అని అడిగింది. నువ్వు నొక్కుతున్నావా అని అడిగాడు ఫెర్నాండ్.

ఇక ఇంటిమాట లేదు. ఆస్పత్రి ఉన్నది తర్వాతి ఊళ్ళో, రెండు గంటల దూరం. సామాన్లు దించలేదు, ఫెర్నాండ్‌నే ఎక్కించారు. డ్రైవరు దిగొచ్చి ఒక భుజం పట్టాడు, మెరిక్ రెండోది. వెచ్చగా ఉన్న పెట్టెలో పొడుగు సీటు మీద పడుకోబెట్టారు. గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది ఆ వైను గ్లాసావిడే, ఒకప్పుడు నర్సట. పాదాలు అటూ ఇటూ తిప్పి చూసింది. త్వరగా తీసుకెళ్తే వేళ్ళు పోవడంతో సరిపోవచ్చు, ఆలస్యమైతే పాదం దక్కదని అంది. మెరిక్ ఆ తెల్లటి పాదాల వంక చూస్తూ నిలబడిపోయాడు. అతని ముఖాన చిరునవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

నీళ్ళల్లో పాదాలకి కాస్త రంగు వస్తుండగా ఫెర్నాండ్ మొదటిసారి మూలిగాడు. నొప్పి తెలుస్తోందంటే మంచిదేనని నర్సమ్మ చెప్పింది. ఓడిల్ అతని తల తన ఒడిలో పెట్టుకుంది. అంతలో బండి వేగం తగ్గింది. ఆ కుదుపు ఆ పెట్టెలో అందరికీ తెలుసు ఇప్పుడు. పట్టాలు మళ్ళాయి. బండి లూప్ లైన్లో ఆగింది. యార్డులో నిలిపిన గూడ్సును ఇక నిలపలేక వదిలేశారని, దాని వెనకే ఇంకొకటి ఉందని మెరిక్ చేతిలోని రేడియో చెప్పింది.

ఎవరూ క్షమించమని అనలేదు. ఓడిల్ మొగుడి తల మెల్లగా పక్కకి పెట్టి లేవబోయింది.

"మీరు కూచోండమ్మా" అన్నాడు మెరిక్.

ఆపుతున్నాడనుకుని ఆమె నోరు తెరిచింది. కానీ అతను ఈసారి కోటు తొడుక్కున్నాడు, టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. పెట్టె చివరికెళ్ళి తలుపు తీసి తనే దిగాడు. నర్సమ్మ భర్త ఒక్క నిమిషం ఆలోచించి అతని వెనకే దిగాడు, దుప్పట్లు కప్పుకుని మరికొందరు దిగారు. కిటికీలోంచి చూస్తే వాళ్ళు ఇంజను పక్కన మంచులో వరసగా కూర్చుంటున్నారు. ఓడిల్ ఫెర్నాండ్ పాదాల మీద వెచ్చని నీళ్ళు పోస్తూ ఉండిపోయింది.